‘దొంగలు పడ్డ ఆరు నెలలకు’: ఈ సామెతను ఇక్కడ వాడవచ్చా?

ప్రశ్న: పోలీసుల నేర విశ్లేషణ ప్రస్తావన వస్తే ఒకాయన ‘దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు’ అని కొట్టిపారేశారు. జరిగిపోయిన దొంగతనాలకు లెక్కలు కట్టడాన్ని ఇలా ఎత్తిపొడవడం సరైన వాడుకేనా?

జవాబు: సరికాదండి. ఈ సామెత వెక్కిరించేది ఆలస్యాన్ని. ఆ ఆరు నెలలు తీసేస్తే అందులో పసే ఉండదు. నేర విశ్లేషకులు పోరాడేది సరిగ్గా ఆ జాప్యంతోనే.

ఒకసారి దొంగలు పడ్డ ఇంటి జోలికి మళ్లీ రారని చాలామంది ధీమా. లెక్కలు చూస్తే వ్యవహారం తలకిందులు. తొలి దొంగతనం తర్వాత కొన్ని వారాల పాటు ఆ ఇంటికీ, ఇరుగుపొరుగు ఇళ్లకూ ముప్పు ఎక్కువగా ఉండి, ఆపైన క్రమంగా తగ్గుతుంది. లోపలికి దారి ఎటో, ఇంట్లోవాళ్లు ఏ వేళకు బయటికి వెళతారో దొంగకు అప్పటికే తెలుసు కదా! మర్నాడే మొరిగితే పక్కిల్లు దక్కుతుంది.

ఇంగ్లండులో రోచ్‌డేల్ పట్టణంలోని కిర్క్‌హోల్ట్ కాలనీనే చూడండి. దొంగతనాలు మితిమీరడంతో 1980లలో ఇంటింటి వివరాలూ ఆరా తీశారు. గ్యాసు, కరెంటు కోసం నాణేలు వేసే మీటర్లు దొంగలకు హుండీల్లా దొరుకుతున్నాయని తేలింది. ఆ మీటర్లను మార్పించారు. దొంగలు పడ్డ ఇంటి చుట్టుపక్కల వాళ్లను ఆ ఇంటిపై ఒక కన్నేసి ఉంచమన్నారు. కొద్ది నెలల్లోనే దొంగతనాలు సగానికి పైగా తగ్గాయి. కొత్తగా ఒక్క లాఠీ కూడా అక్కర్లేకుండా ఇంత జరగడం నాకు ఎంతో నచ్చిన సంగతి.

ప్రశ్న: అలాగైతే ‘నేర పరిశోధన’ అనే పాత మాట చాలదా?

జవాబు: చాలదు. పరిశోధన ఒక కేసు పట్టుకుని, చేసిందెవరని అడుగుతుంది. విశ్లేషణ పది ఫిర్యాదులను పక్కపక్కన పెట్టి, ఇకమీదట ఎక్కడ, ఏ వేళ అని అడుగుతుంది. పది ఇళ్లలోనూ మధ్యాహ్నం పూట, వెనక తలుపు గడియ ఊడగొట్టే లోపలికి వచ్చారనుకోండి. ఇక రాత్రి గస్తీ రెట్టింపు చేసి ప్రయోజనమేమిటి?

ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం. గస్తీ ఎక్కువున్న చోట కేసులూ ఎక్కువే నమోదవుతాయి. ఆ అంకెలే చూసి మళ్లీ అక్కడికే బలగాన్ని పంపితే, ఆ వాడల జనం ఊరికే అనుమానితులవుతారు. అందుకే జనం ఇచ్చిన ఫిర్యాదులను, పోలీసులు తమంతట తాము పెట్టిన కేసులను విడివిడిగా లెక్కగట్టాలి.