బెర్ముడా సెడార్ బతకాలంటే సరుగుడు నరకాల్సిందేనా?

తోటపిచ్చి: అట్లాంటిక్‌లో విసిరేసినట్టుండే బెర్ముడాలో తప్ప సహజంగా ఇంకెక్కడా పుట్టని చెట్టు ఇది. పేరుకే సెడార్, నిజానికి జునిపెర్ జాతి. 1940ల్లో పొలుసు పురుగు సోకి నూటికి తొంభైకి పైగా ఎండిపోయాయి. గాలికి అడ్డుగా ఆస్ట్రేలియా సరుగుడు నాటారు. ఇప్పుడు ఆ సరుగుడే సెడార్‌ను లేవనివ్వట్లేదు. సరుగుళ్లన్నీ ఒకేసారి కొట్టేయాలంటాను.

బాపట్ల రైతు: సరుగుడును తిట్టకండి సార్. మా తీరంలో ఇసుకనీ ఉప్పుగాలినీ ఆపేది అదే. మా పిల్లల చదువులు ఆ కర్ర మీదే సాగాయి. పురుగుకు చచ్చే చెట్టు కోసం నిలబడ్డ చెట్టును నరుకుతారా?

సముద్రపు గాలి: రైతు గారూ, మీరు నాలుగైదేళ్లకోసారి కొట్టి అమ్ముతారు. అక్కడ దాన్ని కోసేవాళ్లు లేరు. మీ తోటలోనే రాలిన ఆకును కాలితో పక్కకు తోసి చూడండి, కింద గడ్డిపోచ కూడా కనబడదు. సెడార్ మొలకకు ఎండ కావాలి, ఆ పరుపు కింద ఎలా లేస్తుంది? పైగా అక్కడ మట్టి పలచన, కింద సున్నపురాయి. 1987లో ఎమిలీ తుఫానుకు సరుగుళ్లు ఎన్నో కూలాయి.

'పురుగుకు చచ్చే చెట్టు' అన్నారే, ఆ మాటకు బాధేసింది. 1609లో ఓడ బద్దలై అక్కడ చిక్కినవాళ్లు ఈ చెక్కతో ఓడలు కట్టుకునే మరుసటి ఏడు వర్జీనియా చేరారు. ఎండిపోగా మిగిలిన సెడార్లలో కొన్ని పురుగును తట్టుకుంటున్నాయి కూడా.

తోటపిచ్చి గారూ, 'ఒకేసారి' అంటే మాత్రం ఒప్పుకోను. ఆ దీవిని ముంచింది తొందరే. పొలుసు పురుగు మీదికి అక్షింతల పురుగుల్ని వదిలారు, వాటిని బల్లులు తిన్నాయి. ఆ బల్లులు కూడా 1905లో పండు ఈగను అణచడానికి తెచ్చినవే! బల్లుల్ని తగ్గించడానికి 1957లో కిస్కడీ పిట్టల్ని తెచ్చారు, అవి పండ్ల మీద పడ్డాయి. బెర్ముడాలోనే ఉన్న చిన్న నాన్‌సచ్ దీవిలో 1962 నుంచి ప్రకృతి సంరక్షకుడు డేవిడ్ వింగేట్ నడిచిన దారి వేరు. బోడినేలలో ముందు సరుగుడు పెంచి, దాని చాటున సెడార్ నాటారు. అవి నిలదొక్కుకున్నాకే సరుగుడును తీస్తూ వచ్చారు.

బాపట్ల రైతు: చాటుకు నాటి, తర్వాత తీయడమంటే ఒప్పుకుంటాను. తీసేటప్పుడు సముద్రం వైపు వరసను మాత్రం ఆఖర్న ముట్టుకోవాలి. లోపలి వరసలు ముందు తీస్తే మొక్కకు ఎండ తగులుతుంది, గాలి తగలదు.