ఫియట్ ఇంజన్‌ల నీళ్లు మాయమైతున్నయి, గాస్కెట్‌కు సిలికాన్ పూయాల్నా?

హాలియా నుంచి:
అన్నా నమస్తే. మా బాపు కొన్న ప్రీమియర్ పద్మిని, అదే అందరు ఫియట్ అంటరు కదా, 1089 సీసీ పెట్రోల్ బండి, ఇంక ఇంట్లనే ఉన్నది, అమ్మబుద్ధి కాదు. రెండు నెలల సంది రేడియేటర్‌ల నీళ్లు తగ్గుతున్నయి, సాగర్ దాక పోయొస్తె లీటరు పొయ్యాలె, కింద చూస్తె చుక్క కనవడదు. ఎవరో పసుపు పొయ్యమంటె పోసిన, నాలుగు రోజులు ఆగి మళ్ల మొదలైంది. ఇప్పుడు ఇంజన్ పైభాగం, అదే హెడ్, ఇప్పి దానికి, కింద సిలిండర్లుండే బ్లాక్‌కు నడుమ ఉండే పల్చటి రేకు, గాస్కెట్, మార్చాలంటున్నడు మెకానిక్, నీళ్ల రంధ్రాల చుట్టు సిలికాన్ పేస్టు మందంగ పూస్తె ఇగ జన్మల లీక్ కాదట. పూయించాల్నా వద్దా జర చెప్పుర్రి.

నల్లగొండ నుంచి:
తమ్మీ, పూయించకు. నా పాత బండికి ఒక షెడ్డుల గట్లనే పూసిన్రు, మూడు నెలలకు వేడెక్కుడు షురూ అయింది, రేడియేటర్ ఇప్పిస్తె గొట్టాల మూతుల కాడ సిలికాన్ ముక్కలు సేమియా లెక్క ఇరుక్కొని ఉన్నయి. హెడ్ బిగించినప్పుడు ఎక్కువైన సిలికాన్ ఎటు పోతది, లోపలికే కదా, నీళ్లతోని తిరిగి సన్న దారి దొరికిన కాడ ఆగుతది.

కొత్త గాస్కెట్ చేతిల పట్టుకొని వెలుగుకు ఎత్తి చూడు. కొన్ని నీళ్ల రంధ్రాలు బ్లాక్‌ల ఉన్నవాటి కంటె చిన్నగ ఉంటయి. తప్పు కొట్టిన్రని రేతితోని పెద్దగ చేసేటోళ్లను చూసిన నేను. అవి కావాలని చిన్నగ పెట్టినవి, నీళ్లన్ని ముందట్నే పైకి ఎక్కకుండ ఆఖరి సిలిండర్ దాక పోవాలని. గాస్కెట్ కవర్ మీద పూయమని రాసి ఉంటెనే పూయాలె, లేకుంటె పొడిగనే.

అయినా హెడ్ ఇప్పకముందు లీక్ ఎక్కడో పట్టుకో. పొద్దుగాల ఇంజన్ సల్లగ ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చెయ్యి, బుడగలు ఆగకుండ వస్తుంటె గాస్కెట్ మీద అనుమానమే. ఆయిల్ మజ్జిగ లెక్క తెల్లగైందా, నాలుగు స్పార్క్ ప్లగ్గులల్ల ఒక్కటే కడిగినట్టు మెరుస్తుందా చూడు. వేడి మీద మూత మాత్రం ముట్టకు, మొఖం కాలుతది.

ఇంకోటి, బ్లాక్ పక్కపొంటి నీళ్ల దారికి మూతల లెక్క గుండ్రటి ఇనుప డమ్మీలు ఉంటయి, కోర్ ప్లగ్గులంటరు. పొగ పోయే గొట్టం, అదే మానిఫోల్డ్, దిక్కు ఉన్నది కారితె నీళ్లు వేడికే ఆవిరైతయి, కింద చుక్క పడదు, తుప్పు చార ఒక్కటే మిగులుతది. టార్చ్ ఏసి చూడు.

హాలియా నుంచి:
అన్నా, బుడగలు వచ్చినయి, మూడో ప్లగ్గు మెరిసింది, హెడ్ ఇప్పించిన. టార్చ్‌ల తుప్పు చార కూడ కనవడ్డది, స్క్రూడ్రైవర్‌తోని ఒత్తితె డమ్మీ అట్ల కాగితం లెక్క చిరిగింది. రెండూ పోయినయన్నట్టు. హెడ్‌ల రెండు నీళ్ల రంధ్రాల అంచులు ఎలుక కొరికినట్టు తిన్నయి, ఎంసీల్ ముద్ద పెట్టి నింపుత అంటున్నడు మెకానిక్.

నల్లగొండ నుంచి:
ఎంసీల్ వద్దు. హెడ్ అల్యూమినియం, బ్లాక్ పోత ఇనుము, రెండిటి నడుమ వట్టి నీళ్లు తిరిగితె అల్యూమినియమే ముందు తింటది. తిన్న కాడ ఆర్గాన్ వెల్డింగ్ పెట్టిచ్చి, లేత్ షాపుల ఫేసింగ్, అంటె అడుగు సమంగ చెక్కుడు, చేయించు. తర్వాత సక్కటి స్కేలు అడ్డం, పొడుగు, మూలలకు పెట్టి కింద సందు కొలిచే సన్న రేకులు, ఫీలర్ గేజ్, దూర్చి చూడాలె. నేనైతె 0.05 మిల్లీమీటర్ల రేకు దూరితె ఒప్పుకోను. బ్లాక్ పైభాగం గూడ చూడుర్రి, అందరు హెడ్డే చూసి ఇడుస్తరు.

పాత గాస్కెట్ గీకేటప్పుడు సిలిండర్లల్ల, నీళ్ల దారులల్ల గుడ్డలు కుక్కి గీకాలె. బోల్టు రంధ్రాలల్ల నీళ్లు, ఆయిల్ ఉండనియ్యొద్దు, అడుగు మూసి ఉన్న రంధ్రంల నీళ్లుంటె బోల్టు బిగుసుకున్నట్టు అనిపిస్తది కని హెడ్ మీద పట్టు ఉండదు, బ్లాక్ పగిలినా పగులుతది. బిగింపు నడుమ నుంచి బయటికి, రెండు మూడు విడతలుగ, బిగువు కొలిచే టార్క్ రెంచితోని. అంకె మీ బండి మాన్యువల్‌ల ఉన్నదే, అందాజ వద్దు.

డమ్మీలు ఒక్కటి పోయిందంటె అన్ని మార్చెయ్యి, ఒక్క వయసుయే కదా. ఇత్తడివి దొరికితె తీస్కో, తుప్పు పట్టవు. గూడు ఎమరీతోని మెరిసేదాక రుద్ది, అంచుకు సీలెంట్ సన్నగ రాసి, లోపల సరిపోయే సాకెట్ పెట్టి సమంగ కొట్టాలె, వంకరగ పోతె మళ్ల తీసుడే.

హాలియా నుంచి:
సమజైంది అన్నా. నీళ్లు ఏవి పొయ్యాలె, ఇన్నొద్దులు మా బోరువే పోసినం.

నల్లగొండ నుంచి:
గదే బాధ తమ్మీ. మన బోరు నీళ్లంటె అందరికి ఫ్లోరైడ్ యాదికొస్తది, ఇంజన్‌కు మాత్రం గట్టితనంతోనే నష్టం. కాల్షియం, మెగ్నీషియం కాగి కాగి చాయ గిన్నెకు పట్టినట్టు లోపల గార కడతది, దారులు సన్నమైతయి. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం కలుపు, రెడీమేడ్ డబ్బా అయితె కలుపుడే వద్దు. మనకు మంచు గడ్డ కట్టే భయం లేదు కని తుప్పు ఆపే మందు దాంట్లనే ఉంటది. పొయ్యకముందు రేడియేటర్, బ్లాక్ మంచిగ కడిగించు, పసుపు అడుగున ముద్దగ కూసొని ఉంటది.

ముందు ముందు కూలెంట్ మార్చినప్పుడు పాతది వాకిట్ల పారబొయ్యకు, తియ్యగ ఉంటది, కుక్కలు నాకితె సస్తయి. బండి నడిచినంక ఇంజన్ పూర్తిగ సల్లారితె మాన్యువల్ చెప్పిన లెక్కన హెడ్ ఒకసారి మళ్ల బిగించు, పాత రకం గాస్కెట్ అయితె అది కావాల్సిందే. సాగర్ పోయొచ్చి నీళ్లు ఎంత తగ్గినయో ఇక్కడ్నే రాయి.