చోక్ చైన్ వేయకుండా కుక్కకు మర్యాద నేర్పగలమా?

మియాపూర్ మూడో అంతస్తు
అందరికీ నమస్కారం. మా బ్రూనో లాబ్రడార్. 14 నెలలు, 31 కిలోలు. కాలింగ్ బెల్ మోగితే చాలు, తలుపు దగ్గరికి ఉరికి, వచ్చినవాళ్ల మీద ముందుకాళ్లు వేసేస్తాడు. పోయిన వారం మా అత్తయ్యగారు వెనక్కి తూలారు. గోడ ఆసరాగా దొరకబట్టి సరిపోయింది. ఆవిడకి 72 ఏళ్లు. ఇక లిఫ్టు దగ్గర ఇంకో కుక్క కనబడితే నన్ను ఈడ్చుకుపోతాడు.

ట్రైనర్‌ని పెట్టుకున్నాం. మూడో రోజు చోక్ చైన్, అదే లాగితే మెడ చుట్టూ బిగిసే గొలుసు, వేసి ఒక్క గుంజు గుంజాడు. బ్రూనో కుయ్యిమని కూర్చున్నాడు. మాట విన్నమాట నిజమే. కానీ ఆ సాయంత్రం నుంచి ట్రైనర్ బండి చప్పుడు వింటే మంచం కిందికి దూరుతున్నాడు. మా ఆయన "పని జరుగుతోంది కదా, కొన్నాళ్లు చూద్దాం" అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. ఆ గొలుసు లేకుండా ఇంత పెద్ద కుక్క దారికొస్తుందా? పెంచినవాళ్లు చెప్పండి.

అనకాపల్లి తోట
అమ్మా, నలభై ఏళ్లుగా తోటలో కుక్కల్ని సాకుతున్నాను. దండం దశగుణం భవేత్ అని పెద్దలు ఊరికే అనలేదు. చావబాదమని కాదు నేను చెప్పేది. తప్పు చేసిన క్షణంలో ఒక్క గుంజు, ఒక్క దెబ్బ. మళ్లీ ఆ జోలికి పోదు. బిస్కెట్ పెట్టి నేర్పితే చేతిలో బిస్కెట్ ఉన్నంతసేపే మాట వింటుంది. తోడేళ్ల గుంపుకి నాయకుడున్నట్టు, ఇంట్లో పెద్ద ఎవరో కుక్కకి తెలియాలి. రేపు మీ అత్తగారి తుంటి విరిగితే ఎవరు జవాబు చెబుతారు?

హనుమకొండ కుర్రాడు
బాబాయ్ గారు చెప్పింది కరెక్ట్. పోలీసు జాగిలాలను చూడండి, ఎంత క్రమశిక్షణగా ఉంటాయో! బుజ్జగిస్తే అలా తయారవుతాయా?

గోదారి పశువైద్యురాలు
పెద్దాయన అన్న రెండు మాటలూ నా దగ్గరికి కుక్కల్ని తెచ్చేవాళ్ల నోట తరచూ వింటాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు తోడేళ్ల నాయకుడి సంగతి. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే శాస్త్రవేత్త స్విట్జర్లాండ్‌లోని బాసెల్ జూలో తోడేళ్లను చూసి రాసినదాంట్లోంచి ఈ మాట పుట్టింది. అవి స్వేచ్ఛగా తిరిగేవి కావు, ఆవరణలో మూసిపెట్టినవి. ఆ మాటను బాగా వ్యాప్తిలోకి తెచ్చినవారిలో అమెరికాకు చెందిన తోడేళ్ల పరిశోధకుడు డేవిడ్ మీచ్ ఒకరు. ఆయనే కెనడా ఉత్తరాన ఎల్స్‌మియర్ దీవిలో అడవి తోడేళ్లను ఎన్నో వేసవుల పాటు దగ్గర్నుంచి చూసి, అది సరికాదని 1999లో రాశారు. అడవిలో గుంపంటే చాలామటుకు అమ్మ, నాన్న, పిల్లలు. పైగా మన ఇంట్లో ఉన్నది తోడేలు కాదు.

బిస్కెట్ మాటలో మాత్రం నిజం ఉంది. తిండి చేత్తో చూపిస్తూ కూర్చోబెడితే కుక్క చేతినే చూస్తుంది. అందుకే చేయి ఖాళీగా ఉండాలి. ముందు కూర్చోవాలి, ఆ తర్వాతే ముక్క జేబులోంచి రావాలి. అలవాటు కుదిరాక ప్రతిసారీ ఇవ్వక్కర్లేదు. ఒకసారి మూడోదానికి, ఇంకోసారి ఏడోదానికి ఇవ్వండి. ఎప్పుడొస్తుందో తెలియకపోతే ఆశతో ఇంకా బాగా చేస్తుంది.

తమ్ముడూ, వాసన పట్టే జాగిలాలకు చాలాచోట్ల బంతే జీతం. దాచిన వస్తువు దగ్గర ఆగగానే దానికి బంతి దొరుకుతుంది. ఆ ఆట కోసమే అంత పట్టుదలగా వెతుకుతుంది.

ఇక చోక్ చైన్. అది బిగిసే చోటే శ్వాసనాళం, థైరాయిడ్ గ్రంథి ఉంటాయి. మెడ మీద ఒత్తిడి పడితే కంట్లోనూ ఒత్తిడి పెరుగుతుంది. 2020లో పోర్చుగల్ పరిశోధకులు 92 పెంపుడు కుక్కల మీద చేసిన అధ్యయనం ప్రచురించారు. గుంజుతూ గద్దిస్తూ నేర్పే చోట కుక్కల లాలాజలంలో శిక్షణ తర్వాత కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ ఎక్కువగా పెరిగింది. ఆవలించడం, మూతి నాక్కోవడం లాంటి టెన్షన్ గుర్తులూ వాటిలోనే ఎక్కువ. మియాపూర్ మేడమ్, మీ బ్రూనో కూర్చున్నాడంటే నెమ్మదించాడని కాదు. బిగుసుకుపోయాడు. ఆ రెండింటికీ ఉన్న తేడా మంచం కింద మీకు కనిపిస్తూనే ఉంది.

ఇంకొకటి. జంతువులను కొట్టడం మన దేశంలో 1960 నాటి చట్టం ప్రకారం నేరం.

చంద్రి వాళ్లమ్మ, విజయవాడ
డాక్టరుగారు చెప్పింది నేను కళ్లారా చూశాను. మాకు ఇదివరకు ఒక పొమేరియన్ ఉండేది. పిల్లలు దగ్గరికొస్తే గుర్రుమనేది. అలా అన్నప్పుడల్లా మూతి మీద కొట్టమని ఒకాయన చెప్తే కొట్టాం. గుర్రు మానేసింది. బాగుపడిందని సంబరపడ్డాం. నాలుగు నెలల తర్వాత మా అక్క కొడుకు పక్కన కూర్చుంటే, చప్పుడే లేకుండా బుగ్గ కరిచింది. ఆరు కుట్లు. గుర్రుమనడమే అది మాకిస్తున్న హెచ్చరిక. దాన్ని మేమే కొట్టి మాన్పించాం. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ చేతులు వణుకుతున్నాయి.

చంద్రి ఊరకుక్క. రెండేళ్ల వయసులో రోడ్డు మీద నుంచి తెచ్చుకున్నాం. బెల్ మోగితే బ్రూనోలాగే చేసేది. నేను చేసింది చెప్తాను. పాత బొంత ఒకటి నాలుగు మడతలు వేసి హాలు మూల పరిచాను. ఉడికించిన చికెన్ గోరంత ముక్కలు చేసి, చంద్రి బొంత మీద కాలు పెట్టినప్పుడల్లా ఒకటి బొంత మీదే వేశాను. నోటికి అందించలేదు. మూడో రోజుకి తనే వెళ్లి కూర్చోవడం మొదలుపెట్టింది. ఆ తర్వాత కూర్చుంటే ఇవ్వడం మానేసి పడుకుంటే, ఆపైన నడుము ఒక పక్కకి వాల్చి గడ్డం కాళ్ల మీద ఆనిస్తే ఇచ్చాను. ఆ నడుము వాలడమే చూడాలి. కాళ్లు స్ప్రింగులా కింద పెట్టుకుని పడుకున్న కుక్క ఇంకా లేవడానికి సిద్ధంగానే ఉంటుంది.

బెల్ చప్పుడు ఫోన్‌లో రికార్డు చేసి, మొదట వినీ వినపడనట్టు పెట్టాను. రోజూ పొద్దున 5 నిమిషాలు, సాయంత్రం 5 నిమిషాలు. చంద్రి లేచి వెళ్లిందంటే నేను తొందరపడ్డానని అర్థం, మళ్లీ సౌండ్ తగ్గించేదాన్ని. ఆ ముక్కల లెక్క గిన్నెలో అన్నం తగ్గించి సరిచేశాను. ఇదంతా కుదరడానికి రెండు నెలలు పట్టింది. ఈలోగా ఎవరైనా వస్తే చంద్రిని లోపలి గదిలో పెట్టేవాళ్లం. అత్తయ్యగారు ఇంట్లో ఉన్నారు కాబట్టి మీరు ఆ పని ఈరోజే మొదలుపెట్టండి, మేడమ్.

అనకాపల్లి తోట
అమ్మా, ఆ పిల్లాడి సంగతి చదివాక కాసేపు ఏమీ రాయలేకపోయాను. మా ఇంట్లోనూ మనవలున్నారు. కానీ మా కుక్క పక్కవాళ్ల కోళ్ల వెంట పడితే? బొంత పరిచి ముక్కలు వేసేంత టైం ఉండదు. కోడి చచ్చిందంటే ఊళ్లో పంచాయితీయే.

గోదారి పశువైద్యురాలు
అయ్యగారూ, కోడి వెంట పడటంలో ఉన్న మజా మీ చేతి ముక్క కంటే పెద్దది. కాబట్టి ముందు అసలు పడనివ్వకూడదు. 10 మీటర్ల తాడు కట్టండి, మెడకు కాదు, ఛాతీ చుట్టూ వచ్చే పట్టీకి. కోళ్లు దూరంగా ఉన్నప్పుడు, వాటిని చూసి తల మీ వైపు తిప్పిన ప్రతిసారీ మంచి మాంసం ముక్క ఇవ్వండి. దూరం కొద్దికొద్దిగా తగ్గించండి. కోళ్ల గూడు దగ్గర దాన్ని ఒంటరిగా మాత్రం ఎప్పుడూ వదలొద్దు. కొట్టి నేర్పినా ఆ జాగ్రత్త తప్పదు.

అనకాపల్లి తోట
తాడు మాట ఒప్పుకుంటాను, రేపే కడతాను. దెబ్బ అస్సలు వద్దన్నమాట ఇప్పుడే ఒప్పుకోలేను. చూసి చెప్తాను.

మియాపూర్ మూడో అంతస్తు
అందరికీ చాలా థ్యాంక్స్. ట్రైనర్‌ని మాన్పించేశాం. అత్తయ్యగారి పాత దుప్పటి హాల్లో పరిచి ఇవాళ్టికి 19 రోజులు. ఫోన్‌లో బెల్ మోగితే బ్రూనో వెళ్లి దుప్పటి మీద పడుకుంటున్నాడు. అసలు బెల్ మోగితే ఇంకా లేస్తున్నాడు, మనుషులొచ్చినప్పుడు గదిలో పెడుతున్నాం. లిఫ్టు జోలికి పోవడం మానేసి మెట్లు దిగుతున్నాం. నిన్న రాత్రి అత్తయ్యగారు టీవీ చూస్తుంటే తనంతట తనే వెళ్లి, ఆవిడ కాళ్ల దగ్గర నడుము వాల్చి పడుకున్నాడు. ఆవిడే నన్ను పిలిచి, జేబులో ముక్కలున్నాయా అని అడిగారు.