మదర్సాలో చదివే అబ్బాయితో పదో తరగతి ఎలా రాయించాలి?
మేముండేది హైదరాబాద్ టోలీచౌకిలో. 13 ఏళ్ల మా అబ్బాయి నగర శివారులోని ఒక మదర్సాలో ఉండి ఖురాన్ కంఠస్థం చేస్తున్నాడు. ఆ తరువాత దర్సె నిజామీ చదువుతానంటున్నాడు. పేరు విని నిజాం నవాబులదనుకుంటారు గానీ, అది 18వ శతాబ్దంలో లక్నోలో ముల్లా నిజాముద్దీన్ రూపొందించిన పాఠ్యక్రమం. అరబ్బీ వ్యాకరణం, తర్కం, ఫిఖ్ (ఇస్లామీ ధర్మశాస్త్రం), హదీసు (ప్రవక్త మాటలు, నడవడి) అందులో ఉంటాయి.

"అక్కడేం నేర్పుతారో" అని ఇరుగుపొరుగు అనుమానంగా అడిగినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. తెల్లవారకముందే లేచి పాఠం అప్పజెప్పే పిల్లవాణ్ని వాళ్లు చూడలేదు. నా దిగులు వేరు: వాడికి లెక్కలు, సైన్సు, తెలుగు అందడం లేదు.

14 నిండాక సార్వత్రిక విద్యాపీఠం (ఓపెన్ స్కూల్) ద్వారా పదో తరగతి రాయించాలని ఉంది. మీ పిల్లలెవరైనా ఇలా రెండూ కలిపి చదివారా? ఏ మాధ్యమం తీసుకున్నారు? లెక్కలు ఎవరి దగ్గర చెప్పించారు? దయచేసి చెప్పండి.