గాలిబ్ ఎగ్గొట్టిన రోజాలు: ‘ఒక్కటి’కి దీర్ఘం ఉందా?

– రంజాన్ వెళ్లాక మొఘల్ పాదుషా బహదూర్ షా జఫర్ ఉర్దూ కవి గాలిబ్‌ని "మీర్జా, ఎన్ని రోజాలున్నావు?" అని అడిగిన ముచ్చట అందరూ చదివిందే. గాలిబ్ జవాబే సగం గుర్తొచ్చి చంపుతోంది. "ఏక్ నహీఁ రఖా" (ఒకటి ఉండలేదు) అన్నాడా, "ఏక్ భీ నహీఁ రఖా" (ఒకటి కూడా ఉండలేదు) అన్నాడా? తెలుగులో ఎక్కడో "ఒక్కటీ ఉండలేదు" అని చూసి చిరాకేసింది.

– "భీ" పెడితే ఇక జోకేముందండీ? ఒకటి ఎగ్గొట్టాడో, మొత్తం ముప్ఫై ఎగ్గొట్టాడో తేలకూడదు. టికి దీర్ఘమిచ్చి మీ అనువాదకుడు పాపం గాలిబ్ చేత నేరం ఒప్పించేశాడు.

– దీర్ఘం తీసేస్తే మాత్రం? "ఒక్కటి ఉండలేదు" అంటే ఒకటి తప్పిందనే. రెండో అర్థం రాదు.

– సంధి చేయండి మాస్టారూ, "ఒక్కటుండలేదు". అచ్చు ఎగిరిపోయాక అది హ్రస్వమో దీర్ఘమో ఎవరు చూడొచ్చారు?

– దీర్ఘానికి సంధి ఎక్కడిది? సంధి చేశారంటేనే హ్రస్వమని ఒప్పుకున్నట్టు.

– వ్యాకరణం పక్కన పెట్టండి. "ఒక్క ముక్క అర్థం కాలేదు" అంటాం కదా, అందులో దీర్ఘం ఏదీ? "ఒక్క రోజా ఉండలేదు" అంటే సరిపోతుంది, రెండర్థాలూ పలుకుతాయి.

– ఇంకా బాగుండాలంటే పాదుషా చేత "ఎన్ని ఒక్కపొద్దులున్నావు?" అనిపించండి. జవాబు "ఒక్క పొద్దు ఉండలేదు". కలిపి చదివితే ఒకటి, విడదీస్తే ఇంకొకటి. గాలిబ్‌కి కూడా తట్టని శ్లేష!

– తట్టకపోవడమే మంచిదైంది. ఒక్కపొద్దంటే ఒంటిపూట భోజనం, మధ్యలో మంచినీళ్లు తాగొచ్చు. రోజాలో గుక్క నీళ్లకూ వీల్లేదు, కానీ తెల్లవారకముందు సహరీ, పొద్దుగూకాక ఇఫ్తార్ అని రెండుసార్లు తింటారు. పైగా సహరీ ఆపాల్సింది ఫజర్ (తెల్లవారుజాము నమాజు) వేళకి, అప్పటికి పొద్దే పొడవదు. ఆ మాటలో ‘ఒక్క’ తప్పే, ‘పొద్దూ’ తప్పే.

– ఉండేవాళ్లం మేము, లెక్కలు మీవా సార్? రోజాని ఒక్కపొద్దు అనే తెలుగు ముస్లింలు ఎందరో. అర్థం ఎప్పుడో మారింది. అది వదిలేయండి, గాలిబ్‌దే ఆ నాలుగు పాదాలు ఎవరూ ఎత్తరేం? రోజా విప్పడానికి తినేందుకేమైనా ఉన్నవాడు రోజా ఉండాల్సిందే, ఏమీ లేనివాడు రోజానే తినకపోతే పాపం ఏం చేస్తాడు అంటాడు. ఉర్దూలో "రోజా ఖానా" అంటే ఉపవాసం ఎగ్గొట్టడం. దీన్ని తెనిగించండి చూద్దాం.

– లంచం తింటాం, తన్నులు తింటాం, తిట్లు తింటాం. ఉపవాసం తిన్నవాణ్ణి తెలుగులో చూళ్లేదు.

– అయ్యా, నా "భీ" సంగతి? ఆ కథ గాలిబ్ శిష్యుడు హాలీ రాసిన ఆయన జీవితచరిత్ర ‘యాద్‌గార్-ఎ-గాలిబ్’లో ఉంది. 1897 నాటి ప్రతి ఎవరి దగ్గరైనా ఉంటే ఆ లైను ఫొటో పెట్టండి.

– పెడతారు లెండి. ముందు ఇది చెప్పండి, ‘ఒక్క’లో ఆ క వత్తు తీసేసి "ఒక పొద్దు ఉండలేదు" అంటే శ్లేష నిలుస్తుందా?

– చచ్చినా నిలవదు.

– ఎందుకు నిలవదు?