వేడి చేసిన కెంపు జాతిరాయి కిందికి వస్తుందా?

గోదారిగట్టు:
అమ్మాయి ఉంగరానికి కెంపు చూశాం. సర్టిఫికెట్‌లో ‘వేడి చేసినది’ అని ఉంది. నిప్పులో పెట్టిన రాయి రంగేసిన రాయితో సమానమని మావయ్య ఒకటే గోల. షాపువాళ్లేమో అన్నీ ఇంతేనంటున్నారు. ఎవరిని నమ్మాలి?

రాళ్లపిచ్చి:
షాపువాళ్లు అబద్ధమాడలేదండి. బజార్లో ఉన్న కెంపుల్లో చాలావరకు కొలిమి చూసినవే. కెంపంటే కురువిందం, అంటే అల్యూమినియం ఆక్సైడ్. కాస్త క్రోమియం చేరినందుకు ఆ ఎరుపు. అది కరగాలంటే 2000 డిగ్రీల సెల్సియస్ దాటాలి. అంతకు తక్కువ వేడిలోనే లోపలి రూటైల్ అనే ఖనిజపు సన్నటి సూదులు రాయిలో కలిసిపోయి తేటపడుతుంది, నీలి ఛాయ తగ్గుతుంది. రంగు ఎవరూ పూయడం లేదు.

పాతబంగారం:
అయితే వేడి తగలని బర్మా మోగోక్ గనుల కెంపుకి అన్ని రెట్లు రేటెందుకో? పైగా వెలిగారం వేసి కాలుస్తారట. అది రాయిలో మిగలదా?

రాళ్లపిచ్చి:
మిగులుతుంది. పగుళ్లు మూసుకున్నచోట కొంత ఉండిపోతుంది. మంచి ల్యాబైతే ఆ సంగతి రిపోర్టులో రాస్తుంది. ఇక రేటంటారా, తవ్వినప్పుడే తేటగా ఉన్నవి అరుదు మరి. మోగోక్ ఒక్కటే కాదు, 2009లో మొజాంబిక్‌లోని మాంటెప్యూజ్ దగ్గర కెంపులు బయటపడ్డాక అక్కడి రాళ్లూ బాగా వస్తున్నాయి.

ఉంగరాలపని:
మీరిద్దరూ వేడి దగ్గరే ఆగిపోయారు. నా భయమంతా సీసపు గాజు నింపిన కెంపులతో. నిండా పగుళ్లున్న నాసిరాయిలో గాజు పోసి కెంపని అమ్ముతున్నారు. పది రెట్ల లూప్‌లో, అదే నగలవాళ్ల భూతద్దంలో, మెల్లగా తిప్పి చూడండి, పగులు వెంట నీలి మెరుపు, గుండ్రటి గాలి బుడగలు కనిపిస్తాయి. ఒకాయన సైజు పెంచమని ఉంగరం తెచ్చాడు. రాయి తీయకుండా ఎవరో అప్పటికే మంట పెట్టేశారు, పైకి వచ్చిన ప్రతి పగులూ తెల్లగా తేలింది. ఆ గాజుకి నిమ్మరసం కూడా పడదు. అసలు కురువిందానికి ఆ బాధ లేదు, గట్టిదనంలో వజ్రం తర్వాత దానిదే స్థానం.

పాతబంగారం:
గాజు సంగతి ఒప్పుకుంటా. కానీ గ్రహానికి పెట్టుకునే మాణిక్యం కాల్చినది కాకూడదంటారు మా సిద్ధాంతిగారు.

రాళ్లపిచ్చి:
అది నమ్మకం, ల్యాబ్ తేల్చేది కాదు. అలాంటప్పుడు ‘వేడి చేసిన ఆనవాళ్లు లేవు’ అని రిపోర్టున్న రాయే తీసుకోండి, చిన్నదైనా సరే. గోదారిగట్టు గారూ, మీ సర్టిఫికెట్‌లో పగుళ్లు నింపిన మాటేమైనా ఉందేమో ముందు చూడండి. అది లేకపోతే మావయ్యగారి గోల పట్టించుకోకుండా బేరమాడుకోవచ్చు.

పాతబంగారం:
బేరమాడేది కాల్చిన రాయి రేటుకే సుమా!