"రెండు ముక్కలు మాట్లాడండి" అంటే ఎన్ని ముక్కలు?

ప్రశ్న (హనుమకొండ నుంచి)

సభ్యులందరికీ నమస్కారం. ఫ్రీమేసన్లు అనే సోదర సంఘం వారి లాడ్జిలో (స్థానిక శాఖలో) కొత్తగా చేరినవారికీ, మరో లాడ్జి నుంచి అతిథిగా వచ్చినవారికీ తప్పకుండా ఎదురయ్యే మాట ఒకటి చర్చకు పెడుతున్నాను. సమావేశం ముగిసి భోజనాలకు కూర్చున్నాక అధ్యక్షులు ఉన్నపళంగా పేరు పిలిచి "మీరూ రెండు ముక్కలు మాట్లాడండి" అంటారు. ఈ "రెండు" లెక్కా, మర్యాదా? ముందుగా చెప్పకుండా మాట్లాడించే ఈ ప్రసంగానికి తెలుగులో సరైన పేరేమిటి? ఇంకొకటి: లాడ్జి అధ్యక్షుల పదవి పేరైన "వర్షిప్‌ఫుల్ మాస్టర్"ను కొందరు "పూజ్య గురువు" అని, కొందరు "ఆరాధ్య అధ్యక్షులు" అని రాస్తున్నారు. ఏది సరి?

జవాబు (రాజమహేంద్రవరం నుంచి)

తెలుగులో చిన్న అంకెలు చాలాసార్లు లెక్కను చెప్పవు, మోతాదును చెబుతాయి. "నాలుగు రాళ్ళు వెనకేసుకున్నాడు", "నలుగురూ ఏమనుకుంటారు", "పది కాలాలపాటు చల్లగా ఉండు": వీటిలో నాలుగూ పదీ ఎంచి చెప్పినవి కావు. ఈ వరుసలో "రెండు" అన్నిటికన్నా కింది మెట్టు. "రెండు మెతుకులు తిని వెళ్ళు" అన్నప్పుడు ఎంత తక్కువో, "రెండు ముక్కలు" అన్నప్పుడూ అంతే. "నాలుగు మాటలు చెప్పండి" అంటే కొంచెం స్వేచ్ఛ ఉంది, అయిదు నిమిషాలు తీసుకున్నా ఎవరూ గడియారం చూడరు. "ప్రసంగించండి" అంటే అది వేరే పిలుపు, దానికి ముందే కబురు చేస్తారు.

ఇక "ముక్క". అక్షరం ముక్క రాదు, ఇంగ్లీషు ముక్కలు నేర్చుకున్నాడు అన్నచోట తునక అనే అర్థం కనిపిస్తుంది. కానీ "ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా", "ఒక్క ముక్కలో తేల్చు" అన్నచోట ముక్క అంటే పూర్తి విషయం. లాడ్జి భోజనాల దగ్గర వినపడే ముక్క ఈ రెండో రకానిది. కాబట్టి అధ్యక్షులు అడుగుతున్నది, నా లెక్కలో, పూర్తిగా చెప్పిన రెండు విషయాలు. నెమ్మదిగా మాట్లాడితే నిమిషానికి సుమారు తొంభై, వంద తెలుగు మాటలు పడతాయి. రెండు నిమిషాలు అనుకుంటే రెండు వందల మాటల లోపు.

పేరు సంగతి. సంస్కృతంలో "ఆశు" అంటే వేగంగా. ఆశుకవిత్వం మనకు ఎటూ ఉంది, ఆశుప్రసంగం అనడంలో తప్పులేదు, పోటీల కరపత్రాల్లో బాగానే ఉంటుంది. మాట్లాడేటప్పుడు మాత్రం "అప్పటికప్పుడు మాట్లాడటం" చాలు. దానికి కావలసిన శక్తి సమయస్ఫూర్తి. మాట్లాడింది బాగుందో లేదో తేల్చేది సందర్భశుద్ధి. ఈ రెండూ ఒకటే అనుకోకూడదు. తడుముకోకుండా పది నిమిషాలు మాట్లాడినా సందర్భశుద్ధి లేకపోతే అది ఊకదంపుడే.

జవాబు (తెనాలి నుంచి)

పైవారు చెప్పిన సందర్భశుద్ధికి సుమతీ శతకంలో పద్యమే ఉంది:

ఎప్పటి కెయ్యది ప్రస్తుత
మప్పటి కా మాటలాడి యన్యుల మనముల్
నొప్పింపక తా నొవ్వక
తప్పించుక తిరుగువాడు ధన్యుడు సుమతీ

ఇందులో కీలకం "ప్రస్తుతము". ఇవాళ ఆ మాటను "ఇప్పుడు" అనే అర్థంలో వాడుతున్నాం: ప్రస్తుతం హైదరాబాదులో ఉంటున్నాను, ప్రస్తుత ముఖ్యమంత్రి, ఇలా. పాత అర్థం "చర్చలో ఉన్నది, సందర్భానికి చెందినది". ఆ అర్థం చావలేదు, వ్యతిరేక పదంలో భద్రంగా ఉంది. "అప్రస్తుతం" అంటే ఇప్పుడు కానిది అని ఎవరూ అనుకోరు, సందర్భానికి సంబంధించనిది అనే అనుకుంటారు. అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగం చేసే పృచ్ఛకుడి పనే అది. అవధాని పద్యం కడుతుంటే పొంతన లేని ప్రశ్నలు వేసి ధ్యాస చెదరగొట్టాలి. అవధానంలో అది పరీక్ష. లాడ్జి బల్ల దగ్గర వక్త తనంతట తాను ఆ పృచ్ఛకుడి పాత్ర పోషించకూడదు.

"తప్పించుక తిరుగు" అనే మాట పట్టుకుని ఈ పద్యాన్ని అవకాశవాదానికి అంటగడుతుంటారు. నాకు అది అన్యాయంగా తోస్తుంది. ముందు రెండు షరతులున్నాయి: ఇతరులను నొప్పించకూడదు, తాను నొచ్చుకోకూడదు. తప్పించుకోవలసింది ఆ రెండు నొప్పుల నుంచి, మాట్లాడే వంతు నుంచి కాదు. పద్యం ముందుగా చెప్పేదే "ఆ మాటలాడి" అని.

జవాబు (సికింద్రాబాద్ నుంచి)

లాడ్జి పద్ధతి తెలిస్తే ఈ చర్చ ఇంకొంచెం తేటపడుతుంది. ఇంగ్లీషు పద్ధతిలో నడిచే లాడ్జీల్లో సభ్యుడు మాట్లాడే చోట్లు రెండు. వాటి కొలతలు వేరు, కలగలిపితేనే ఇబ్బంది.

మొదటిది, లాడ్జి తెరిచి ఉండగా, అంటే సమావేశం నడుస్తుండగా. ముగింపుకు ముందు అధ్యక్షులు మూడుసార్లు అడుగుతారు, ఎవరైనా చెప్పవలసింది ఉందా అని. మొదటి పిలుపులో గ్రాండ్ లాడ్జి (లాడ్జీలన్నిటికీ పై సంస్థ) నుంచి వచ్చిన ఉత్తరాలు, రెండోదాంట్లో ప్రాంతీయ గ్రాండ్ లాడ్జి సంగతులు, మూడోదాంట్లో మిగతావి. అతిథులు తమ లాడ్జి తరఫున శుభాకాంక్షలు చెప్పేది ఈ మూడోసారి. అక్కడ రెండు ముక్కలు కూడా ఎక్కువే. లేచి నిలబడి, అధ్యక్షులను సంబోధించి, లాడ్జి పేరు, నంబరు, శుభాకాంక్షలు: ఒక్క వాక్యం. పది మంది అతిథులుంటే పది వాక్యాలు. అక్కడ ఒకరు ప్రసంగానికి దిగితే మిగతా తొమ్మిది మందీ అంతే తీసుకోవలసి వస్తుంది, కింద భోజనం చల్లారిపోతుంది. ఏది చెప్పినా అధ్యక్షులతోనే చెప్పాలి, ఎదుటి వరసలో ఉన్నవారితో నేరుగా మాట కలపకూడదు.

రెండోది భోజనాల బల్ల. అక్కడ టోస్టుల (ఒకరి గౌరవార్థం గ్లాసు ఎత్తి తాగడం) వరుస ఉంటుంది. టోస్టు ప్రతిపాదించేవారు ఒకరు, జవాబు చెప్పేవారు ఒకరు. అతిథుల టోస్టుకు జవాబు చెప్పే పనే సాధారణంగా ఉన్నపళంగా నెత్తిన పడుతుంది. ఇక్కడ గుర్తుంచుకోవలసినవి:

మీ పేరున టోస్టు తీసుకుంటున్నప్పుడు అందరూ లేస్తారు, మీరు లేవకూడదు, మీ గ్లాసు ఎత్తకూడదు. వారు కూర్చున్నాక మీరు లేవాలి. ప్రతిపాదించేవారైతే చివరి వాక్యంలో ఎవరి గౌరవార్థమో స్పష్టంగా పేరు చెప్పి ఆపాలి. పేరు మధ్యలోనే వచ్చేసి, ఆపైన ఇంకో మూడు వాక్యాలు సాగితే సగం మంది లేచి సగం మంది కూర్చునే ఉంటారు. జవాబు చెప్పేవారు చివర మళ్ళీ టోస్టు పెట్టడం ఇంకో పొరపాటు. కృతజ్ఞత చెప్పి కూర్చోవడమే వారి పని. టైలర్ (లాడ్జి తలుపు బయట కాపలా ఉండేవారు) టోస్టు అన్నిటికన్నా చివరిది, కష్టాల్లో ఉన్న సోదరులందరినీ తలుచుకునేది. దాని తరవాత ఎవరూ లేచి మాట్లాడరు, ఎంత మంచి మాట గుర్తొచ్చినా సరే.

మాట్లాడే సరుకు ఎక్కడ దొరుకుతుందంటే, మీ జేబులోనే. సమావేశానికి వచ్చే నోటీసును లాడ్జిలో "సమన్స్" అంటారు (తెలుగులో సమన్లు అనగానే కోర్టు గుర్తొస్తుంది, అందుకే ఇంట్లో దాన్ని పిలుపు పత్రం అనడం మేలు). ఆ రోజు కార్యక్రమం, చేరబోయే వ్యక్తి పేరు, పదవుల్లో ఉన్నవారి పేర్లు అందులోనే ఉంటాయి. భోజనానికి కూర్చోగానే దాని వెనక మూడు మాటలు రాసుకోండి: ఎవరికి కృతజ్ఞత చెప్పాలి, ఈ సాయంత్రం కళ్ళారా చూసిన ఒక్క సంగతి ఏమిటి, ఏ కోరికతో ముగించాలి. పిలుపు వచ్చాక కుర్చీ వెనక్కి జరిపి, లేచి, అధ్యక్షుల వైపు తిరగడానికి అయిదారు సెకన్లు పడుతుంది. ఆ కాసేపట్లో ఆ మూడు మాటలూ ఒకసారి మనసులో అనుకోవచ్చు.

చెడేది మొదట్లోనే. "నేను వక్తను కాను, సిద్ధపడి రాలేదు, అనుకోకుండా పిలిచారు" అంటూ అర నిమిషం పోతుంది. సిద్ధపడలేదని అందరికీ తెలుసు, పిలిచింది వాళ్ళే. తరవాత మన సభల అలవాటు ఒకటి: వేదిక మీది ప్రతి పెద్ద పేరునూ బిరుదులతో సహా చదవడం. ఒక్కో పేరుకు అయిదు సెకన్లు వేసుకున్నా పన్నెండు పేర్లకు నిమిషం చెల్లు. అధ్యక్షులు, ఆ రోజు హాజరైన గ్రాండ్ లాడ్జి అధికారులు, సోదరులు: ఈ మూడు సంబోధనలు చాలు. మరొకటి, ప్రార్థన శ్లోకంతో మొదలుపెట్టడం. లాడ్జిలో మత, రాజకీయ చర్చలకు చోటులేదన్న నియమం 1723 నాటి ఆండర్సన్ నియమావళి నుంచే ఉంది. ఒక మతానికి చెందిన శ్లోకం చర్చ కాకపోవచ్చు, కానీ బల్ల చుట్టూ అన్ని మతాలవారూ ఉంటారు. నీతి పద్యమైతే ఏ చిక్కూ లేదు. పైన ఇచ్చిన కందాన్నే తీసుకోండి. 64 మాత్రలు, నింపాదిగా చదివినా పదిహేను సెకన్లకు మించదు. ఒక్క పద్యమే సుమా, రెండోది వద్దు.

జవాబు (తెనాలి నుంచి)

"ప్రస్తుతము" పాత అర్థానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. నరేంద్రనాథ్ దత్తా 1884లో కలకత్తాలోని యాంకర్ అండ్ హోప్ లాడ్జిలో చేరారు. అదే మనిషి వివేకానందుడై 1893 సెప్టెంబర్ 11న చికాగో సర్వమత సభలో లేచారు. మిగతావారంతా ప్రసంగాలు రాసుకుని వచ్చారనీ తన దగ్గర ఏమీ లేదనీ మద్రాసులోని శిష్యుడు అళసింగ పెరుమాళ్‌కు తరవాత ఉత్తరంలో రాశారు. "సోదరీ సోదరులారా" అన్న సంబోధనకే సభ లేచి చప్పట్లు కొట్టిందని అందరూ చెప్పుకుంటారు. ఆ తరవాత ఏముందో చూడండి. అది స్వాగతానికి ఇచ్చిన జవాబు, అంటే లాడ్జిలో అతిథుల తరఫున చెప్పే జవాబు లాంటిదే. ఎవరి తరఫున కృతజ్ఞత చెబుతున్నారో మొదట చెప్పారు. సహనం అనే ఒక్క విషయం పట్టుకున్నారు. ముగింపుకు దూరం వెళ్ళలేదు, ఆ ఉదయం ఆ సభ కోసం మోగిన గంటనే తీసుకుని, అది మతోన్మాదానికి చావుగంట కావాలని ఆశించారు. ఆ గంట అక్కడ కూర్చున్నవారందరూ విన్నదే. మొత్తం ఇంగ్లీషులో అయిదు వందల మాటల లోపు.

జవాబు (రాజమహేంద్రవరం నుంచి)

"వర్షిప్‌ఫుల్" మాట మిగిలిపోయింది. ఇంగ్లీషులో ఆ మాటకు పాత అర్థం గౌరవార్హుడు అని. మేయర్లనూ మేజిస్ట్రేట్లనూ అక్కడ అలాగే సంబోధించేవారు, పూజించి కాదు. కాబట్టి "పూజ్య", "ఆరాధ్య" రెండూ తప్పుదారి పట్టిస్తాయి. లాడ్జిలో ఏదో ఆరాధన జరుగుతుందన్న అపోహ బయట ఇప్పటికే ఉంది, దానికి మనం అనువాదంతో బలం చేకూర్చకూడదు. "గౌరవనీయ" సరిపోతుంది. "మాస్టర్"ను "గురువు" అనడమూ కుదరదు, "మాస్టారు" అంటే బడి పంతులే గుర్తొస్తారు. శాసనసభ పుణ్యమా అని "అధ్యక్షా" అనే పిలుపు అందరి చెవులకూ అలవాటే. "గౌరవనీయ అధ్యక్షా, సోదరులారా" అని మొదలుపెట్టండి. లాడ్జి తెరిచి ఉన్నప్పుడు మాత్రం పదవి పేరును అక్కడి పద్ధతిలో ఉన్నదున్నట్టే పలకాలి, అనువాదం బల్ల దగ్గరికే.

జవాబు (డాలస్ నుంచి)

అమెరికాలో ఉన్నవారికి ఒక చేర్పు. ఇక్కడ చాలా సోదర సంఘాల కార్యక్రమంలో "గుడ్ ఆఫ్ ది ఆర్డర్" అనే అంశం ఉంటుంది, మాట్లాడమని అడిగేది అప్పుడే. అధ్యక్ష పదవి పేరు సంఘాన్ని బట్టి మారుతుంది: ఆడ్‌ఫెలోస్‌లో నోబుల్ గ్రాండ్, ఎల్క్స్‌లో ఎగ్జాల్టెడ్ రూలర్. లేచే ముందు పక్కవారిని అడిగి ఆ పేరు సరిచూసుకోండి.

ప్రశ్న (హనుమకొండ నుంచి)

అందరికీ కృతజ్ఞతలు. అతిథుల తరఫున చెప్పే జవాబుకు తెలుగులో ఒక నమూనా ఇవ్వగలరా? అలాగే, నిజంగానే మాట్లాడలేని స్థితిలో ఉంటే ఎలా తప్పుకోవాలి?

జవాబు (సికింద్రాబాద్ నుంచి)

నమూనా ఇది:

"గౌరవనీయ అధ్యక్షా, సోదరులారా. మా గురించి చెప్పిన మంచి మాటలకు అతిథులందరి తరఫున కృతజ్ఞతలు. ఈ సాయంత్రం మాలో కొందరం ఆలస్యంగా వచ్చాం. మీ సభ్యులు లేచి ముందు వరసలో మాకు చోటిచ్చి, తాము వెనక్కి వెళ్ళి కూర్చున్నారు. ఎవరూ చెప్పకుండానే ఆ పని చేశారు. ఈ లాడ్జి మర్యాద ఎలాంటిదో తెలియడానికి మాకు అది చాలు. మీరు మా లాడ్జికి వచ్చిన రోజున ఇంతకు తగ్గకుండా చూసుకుంటామని మాట ఇస్తున్నాం. నమస్కారం."

అర నిమిషం పడుతుంది. "మీ ఆతిథ్యం అద్భుతం, అమోఘం" అనే మాటలు ఇందులో లేవు, వాటి బదులు చూసిన సంగతి ఒకటి ఉంది. మీరు అక్కడ మీరు చూసినది పెట్టుకోండి. లాడ్జి లోపలి క్రతువులో జరిగినది మాత్రం బల్ల దగ్గరికి తేవద్దు, వడ్డించేవారు అటూ ఇటూ తిరుగుతుంటారు. కుటుంబాలను పిలిచిన సాయంత్రాల్లో ఈ జాగ్రత్త ఇంకా అవసరం. ఆ రోజున సంబోధన కూడా "సోదరులారా, అతిథులారా" అని మార్చుకోవాలి.

గొంతు బాగోలేకనో మరే కారణంతోనో మాట్లాడలేకపోతే భోజనానికి ముందే కార్యక్రమం నడిపించే డైరెక్టర్ ఆఫ్ సెరిమనీస్ చెవిలో వేయండి, జాబితాలో పేరు మార్చేస్తారు. పేరు పిలిచేశాక మాత్రం వద్దనకూడదు. వద్దనడం, వారు బతిమాలడం, పక్కవారు చప్పట్లు కొట్టడం, ఈ తతంగానికి పట్టే సమయంలో జవాబే అయిపోతుంది. లేచి, "గౌరవనీయ అధ్యక్షా, సోదరులారా, మీ ఆదరణకు అతిథులందరి తరఫున కృతజ్ఞతలు" అని కూర్చోండి.